జరం దిగెనా కొడుకా

కరీంనగర్,
8 జులై 2024

తిమోతికి,

ఏడుపులో అన్న మాటను నిజం కింద లెక్క కట్టవచ్చా? మీ బాపును మట్టిలో పెట్టి వచ్చిన రోజు నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఎవరినీ అడగలేదు. మొన్న క్లాసులో ఒక అమ్మాయి బెంచీ కింద ఫోను పెట్టుకుని సన్నగా పాట వింటుంటే లాక్కుందామని దగ్గరికి వెళ్లాను. ఆ ఫోనులో నన్ను కన్న అవ్వ ఏడుస్తోంది.

నువ్వు ర్యాప్ పాడతావని తెలుసు కానీ "నస్పూర్ తిమ్మి" అంటే నువ్వేనని నాకు తెలియదు. "మస్తు నడుస్తుంది మేడం గీ పాట, మా తమ్ముడు రింగ్‌టోన్ పెట్టుకున్నడు" అంది ఆ పిల్ల. స్టాఫ్ రూములో కూర్చుని మొత్తం విన్నాను. నీ మాటలు, కింద డప్పు, మధ్య మధ్య మీ బాపమ్మ గొంతు:

జరమని పండితివి గదా ఫిలిప్పూ
నీ జరం దిగెనా కొడుకా
నీ పనికి వోయినోడు ఇంటికి రాకపాయె
నీ జరం దిగెనా కొడుకా

నీకు ఎంతవరకు చెప్పారో నాకు తెలియదు. మీ బాపు చనిపోయిన ఆ ఆదివారం మిల్లులో డ్యూటీ మీ పెద్దబాపు ఫిలిప్పుది. జ్వరమని ఆయన పడుకుంటే బదులుగా మీ బాపు పోయాడు. మిషను బెల్టు ఆయన్ను లోపలికి గుంజుకుంది. ఇంతే నాకూ తెలిసింది.

ఇంకొకటి మాత్రం చెప్పాలి. మన ఇండ్లల్లో చావు దగ్గర ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. ఆ రాగంలో ఎవరినైనా పేరు పెట్టి అనవచ్చు, దేవుణ్ణయినా, కడుపున పుట్టినవాణ్ణయినా. బొంద పూడ్చి, స్నానాలు చేసి ఇంట్లోకి వచ్చేదాకే ఆ హక్కు. తర్వాత ఆ మాటను ఎవరూ ఎత్తరు, దాని మీద పంచాయితీ పెట్టరు. మిషన్ వాళ్లం అయ్యాక కూడా ఇది పోలేదు. పాస్టరుగారు పునరుత్థానం గురించి చెబుతూ ఏడవవద్దని చేయెత్తితే, అవ్వ ఆ చేతిని పక్కకు జరిపి మరీ ఏడ్చింది. స్నానాలయ్యాక పెద్దన్న, అదే మీ పెద్దబాపు, అన్నం కలిపి ముందు పెట్టాడు. తిన్నది. అప్పటి నుంచి సుల్తానాబాద్‌లో ఆయన ఇంట్లోనే ఉంది. ఆ నాలుగు వరుసలు మళ్లీ ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

నువ్వు వాటిని పట్టుకుని తిప్పి తిప్పి వినిపిస్తున్నావు. అది ఎప్పటికీ స్నానాలు కాని ఏడుపు అయిపోయింది. ఆ గొంతు నీకు ఎక్కడ దొరికింది?

పాట తీసెయ్యమని అనడం లేదు. ఆ పేరొక్కటి తీసెయ్యగలవా? అనడం లేదని రాసి, దాదాపు అదే అడుగుతున్నాను, చూశావా. ఫోను చేస్తే నువ్వు కట్ చేస్తున్నావు గనుక ఉత్తరం రాసి, నీ ఇంటి నంబరు తెలియక మీ చర్చి పేరిట పంపుతున్నాను. దీన్ని కట్ చేయడం కష్టం. చింపడం సులువేననుకో.

నీ మేనత్త,
క్యాథరిన్

*

శ్రీరాంపూర్,
16 జులై

అత్తమ్మకు,

చింపలే. ఉత్తరం రాసుడు నాకు గిదే మొదలు, బడిల లీవ్ లెటర్ తప్ప. బాపు పేరు పౌలు, నా పేరు తిమోతి. "బైబిల్ల లెక్క పౌలు తిమోతికి ఉత్తరాలు రాయాలె గదా, ఒక్కటన్న రాసిండా" అని మా చర్చిల ముసలోళ్లు ఇప్పటికీ నవ్వుతరు. ఆయన రాయలే, నువ్వు రాసినవు. మంచిగనిపించింది. గని ఒకటి అడుగుత, ఏమనుకోకు. పెద్దబాపు రాయమన్నడా?

గొంతు నేను దొంగతనం జేయలే. సమాధి వీడియో సీడీ అమ్మ పెట్టెల ఉండె. స్టూడియోవాడు బాపు మీద గులాబీలు వడ్డట్టు గ్రాఫిక్స్ గూడ ఏసిండు. నువ్వు గా వీడియోల ఉన్నవు, తెల్ల చీర కట్టుకోని. అందరున్నరు. నేనే లేను. నన్ను పక్కింట్ల కూసోవెట్టి బిస్కెట్ పుడ ఇచ్చిండ్రు. మీరందరు గా దినం విని, స్నానం జేసి, మర్సిపోయిండ్రు. నేను పోయిన ఏడాది హెడ్‌ఫోన్లు పెట్టుకోని మొదటిసారి విన్న. నాకు స్నానం ఎవ్వలు వోస్తరు?

నువ్వు చరిత్ర మేడంవి గదా, నేనో చరిత్ర జెప్పుత. న్యూయార్క్‌ల బ్రాంక్స్ అని ఓ బస్తీ. నల్లజాతోళ్లు, స్పానిష్ మాట్లాడెటోళ్లు, అందరు గరీబోళ్లే. డెబ్బయిలల్ల ఇండ్లు కాలిపోతున్నయ్, పనుల్లేవు. పోరగాండ్లకు వాయిద్యాలు కొనే తాకత్ లేదు. ఏం జేసిండ్రు? ఇంట్ల అవ్వబాపుల పాత రికార్డులు తీసిండ్రు. పాటల అందరు ఆగి డప్పొక్కటే మోగే తావు ఉంటది సూడు, గదొక్కటే పట్టుకున్నరు. ఒక ప్లేటు మీద అయిపోంగనే పక్క ప్లేటు మీద మళ్ల గదే. గట్ల సాగదీసి, దాని మీద మాట్లాడిండ్రు. కరెంటు స్తంభానికెల్లి కరెంటు గుంజి పార్కుల స్పీకర్లు పెట్టిండ్రంట. అవ్వబాపుల గొంతు కింద, పిల్లల మాట మీద. ర్యాప్ గట్ల పుట్టింది. నేను జేసింది గదే.

పేరు వెట్టి అనుడు గూడ మా దాంట్ల ఉంది, డిస్ అంటరు. అన్నోనికి పాటతోనే జవాబియ్యాలె. పెద్దబాపును గూడ ఇయ్యమను. మైక్ నేనే ఇస్త. నా లైన్లు నువ్వు సక్కగ విన్నవో లేదో అని రాస్తున్న:

ఎవ్వని వంతు, ఎవ్వడు వోయె, ఎవ్వడు ఎక్కె మంచం?
అడిగినప్పుడల్లా ప్రార్థన జేసిరి, జెప్పలే ఎవ్వరు కొంచెం

గిప్పుడన్న జెప్పు అత్తమ్మా. జరం నిజమేనా? నువ్వు పెద్దదానివి, నీకు ఎరుక ఉంటది.

ఆగస్టు 25 ఆదివారం ఆదిలాబాద్‌ల పోటీ ఉంది. సొంత పాటే పాడాలె. నాకున్నది గీ ఒక్క పాటనే.

తిమోతి

*

కరీంనగర్,
29 జులై

తిమోతికి,

నన్ను ఎవరూ రాయమనలేదు. పెద్దన్న నాతో ఈ సంగతి మాట్లాడనేలేదు. నీ ఉత్తరంలో ఆ బ్రాంక్స్ పేరా క్లాసులో చదివి వినిపించాలనిపించింది, వాళ్లకు నేను చెప్పే ఏ పాఠంకన్నా బాగా ఎక్కేది. జ్వరం సంగతి నాకు తెలియదు. ఆ ఆదివారం నేను కరీంనగర్‌లో ఉన్నాను. తెలిసిన మనిషి అవ్వే అనుకుని నిన్న సుల్తానాబాద్ వెళ్లాను.

పెద్దన్న మిల్లు మానేసి ఇంటి ముందు కిరాణం దుకాణం పెట్టుకున్నాడని తెలుసు కదా. సామానుకు వచ్చిన పోరగాళ్లు ఆయన ముందరే ఆ పాట పెడుతున్నారట. "జ్వరం గోలీ ఉందా పెద్దయ్యా" అని అడుగుతున్నారట. ఆయన కూతురు ఆరాధన చెప్పింది. ఆయన గోలీ తీసి ఇచ్చి, చిల్లర ఇస్తున్నాడట.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. ఆమెకు చెవులు మందం, గట్టిగా చదవాల్సి వచ్చింది. తర్వాత పాట పెట్టి ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. రెండు చేతులతో చెవులకు అదిమి పట్టుకుని విన్నది.

"గిది నేనేనా?"

"నువ్వే అవ్వా."

"గీ డప్పు ఎవ్వడు గొడుతుండు నా ఏడ్పు మీద?"

"తిమోతి."

"మంచిగనే కొడుతుండు" అని ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు అడిగాను, ఇన్నేళ్లూ అడగనిది. "అన్నకు నిజంగా జ్వరం ఉండెనా?"

"నుదురు ముట్టి సూడలే బిడ్డా. పొద్దుగాల సిన్నోడు సద్ది కట్టుకోని పోతుండె. పెద్దోడు గడంచె మంచంల ముసుగు దన్ని పండి ఉండె. నాకు గంతే ఎరుక."

"మరి ఆ మాట ఎందుకన్నవు?"

"ఏడ్సేటప్పుడు ఏదన్న ఒకటి పట్టుకోవాలె గదనే. పట్టుకోకుంటె నేను గూడ గా బొందలనే వడుదును."

ఇంతలో పెద్దన్న పళ్లెంలో అన్నం తెచ్చాడు. ఎప్పటినుంచి వింటున్నాడో తెలియదు. అవ్వ పళ్లెం ముట్టలేదు. కొడుకు ముఖం చూడకుండా అన్నది: "అప్పుడది ఏడ్పు. ఏడ్పు గనుక నీ చేతి బువ్వ తిన్న. గిప్పుడు ఊరందరి ఫోన్లల్ల మాట అయిపోయిందిరా. మాట అయినంక ఎట్ల తింట?" తర్వాత నా వైపు తిరిగి, "నన్ను నీ ఇంటికి తోల్కపో" అంది. ఆటో ఎక్కేదాకా ఆయన ఆ పళ్లెం పట్టుకుని గడపలోనే నిలబడ్డాడు.

ఇప్పుడు ఆమె నా దగ్గర ఉంది. ఈ వయసులో ఇల్లు విడిచింది, తిమోతీ, నీ పాట వల్ల. పాటకు పాటతోనే జవాబు అన్నావు. ఆయన పాడలేడు. పాడలేనివాణ్ణి పాటలోకి లాగడం ఏం ఆట?

ఇది నీకు అన్యాయంగా తోచవచ్చు. నాకూ కొంచెం అలాగే ఉంది. అయినా రాసింది కొట్టెయ్యడం లేదు. ఆదిలాబాద్‌లో ఆ పాట పాడకు.

క్యాథరిన్ అత్త

*

శ్రీరాంపూర్,
5 ఆగస్టు

అత్తమ్మా,

నిన్న ఇద్దరు వచ్చిండ్రు. పెద్దబాపు దుకాణం కాడ కూసుండే ఆయన దిక్కోళ్లే. మా ఇల్లు అడుక్కుంట రాలే, సీదా నా అడ్రస్ చెప్పుకుంట వచ్చిండ్రు, క్వార్టర్ నంబరుతోని సహా. గా నంబరు నేను రాసింది నీకొక్కదానికే.

ముత్యంగాని ఇంటెన్క అర్రల మేము పాటలు రికార్డు జేస్తం. నా దోస్తు, బీట్లు వాడే జేస్తడు. గోడలకు వాళ్ల అమ్మ బొంతలు కట్టినం, సప్పుడు బయటికి పోకుండ. నేను ఇంట్ల లేకుంటె గాడికి వచ్చి గా బొంతలు గుంజి పారేసిండ్రు. వాని కంప్యూటర్ ఎత్తి గచ్చు మీద కొట్టిండ్రు. వాని పెదిమె పలిగింది. వాడు రక్తం తుడుసుకుంట "తిమ్మీ, ఇగ మనం క్రిస్మస్ పాటలు జేస్కుందంరా" అంటుండు. నవ్వాల్నా ఏడ్వాల్నా సమజ్ గాలే.

నేను బాపమ్మ దిక్కు ఉండి పాడుతున్న అనుకున్న. ఆమె అడిగింది, ఎవ్వలు జవాబియ్యలే, నేను మళ్ల అడుగుతున్న. గంతే గదా? నువ్వేమో ఆమె ఇల్లు ఇడిసింది నా వల్లనే అంటివి. నేను పాడకముందు గా ఇంట్ల అందరు మంచిగున్నరా? నోరు మూస్కోని ఉండుడు మంచిగుండుడా?

ఫోన్ బంద్ జేసిన, రోజు కొత్త కొత్త నంబర్లకెల్లి తిట్లు. అమ్మ గూడ ఎత్తుత లేదు. ఆదిలాబాద్‌ల పాడుత. పేరు ఇంక గట్టిగ అంట.

నా అడ్రస్ మాత్రం నువ్వు ఇయ్యకపోతుంటివి. ఇగ నాకు రాయకు.

తిమోతి

*

కరీంనగర్,
11 ఆగస్టు

తిమోతీ,

రాయవద్దన్నా రాస్తున్నాను. ఆదివారం పోస్టు లేదు, అందుకని దీన్ని మంచిర్యాల బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. ఆయన మా పాత స్టూడెంటు. శ్రీరాంపూర్‌లో మీ చర్చి వాచ్‌మన్‌కు అందేలా చూస్తానన్నాడు.

అడ్రసు నేను ఇవ్వలేదు. కానీ నా వల్లే పోయింది. నీ ఉత్తరం అవ్వకు చదివాక కవరు సుల్తానాబాద్‌లో కిటికీలోనే మర్చిపోయి వచ్చాను. వెనక నీ క్వార్టర్ నంబరు ఉంది. దుకాణం దగ్గర కూర్చునే పిల్లలు దాన్ని చూశారని ఆరాధన ఇవాళ ఒప్పుకుంది. ముత్యం పెదవి పగలడంలో నాకూ పాలుంది.

దానికన్నా పెద్ద సంగతి. పెద్దన్న శుక్రవారం నుంచి ఇంట్లో లేడు. దుకాణం తాళం ఆరాధన చేతికిచ్చి, "పోయొస్త" అని పోయాడట. ఫోను తీసుకుపోలేదు. ఆ పిల్లలు మీ దగ్గర చేసిన పని ఆయనకు ఆ పొద్దునే తెలిసిందట. వాళ్లను ఆయన పంపలేదు, ఈ ఒక్కటి నమ్ము. మిల్లు చుట్టుపక్కల, మీ బాపు సమాధి దగ్గర వెతికారు. ఇవాళ కాలువ గట్టు వెంట చూస్తున్నారు. కాలువ నిండుగా పోతోంది.

అవ్వకు చెప్పలేదు. పొద్దున అడిగింది, "పెద్దోడు ఫోన్ జేయలేదా" అని. బిజీగా ఉన్నాడన్నాను.

నీ దగ్గరికి వస్తే ఏమీ అనకు. ఎవరి ఫోను నుంచైనా నాకు ఒక్క మాట చెప్పు.

క్యాథరిన్

*

శ్రీరాంపూర్,
13 ఆగస్టు

అత్తమ్మకు,

నిన్న ముత్యం ఫోన్‌కెల్లి "ఉన్నడు, మంచిగనే ఉన్నడు" అని పెట్టేసిన. గంతకన్న ఫోన్‌ల రాకపాయె. మిగిలింది గీ ఉత్తరంల.

నీ ఉత్తరం వాచ్‌మన్ తాత తెచ్చిచ్చేటప్పటికే పెద్దబాపు మా గల్లీల ఉన్నడు. రెండు దినాలు మంచిర్యాల స్టేషన్ల కూసున్నడంట, ముంగటికి రావాల్నా, మళ్ల రైలెక్కాల్నా తెలువక. గడ్డం పెరిగింది. సూడంగనే నేను గురుతు పట్టలే, ఆయన నన్ను పట్టిండు. "మీ బాపు లెక్కనే నడుస్తున్నవురా" అన్నడు.

నేను గరమ్ మీదనే ఉన్న. నీ మాట గుర్తుకువచ్చి ఏం అనలే. ఆయన సీదా ముత్యం కాడికి పోయి, వాని చెయ్యి పట్టుకోని "తప్పయింది బిడ్డా" అన్నడు. ముత్యం పరేషాన్ అయి, "పర్లేదు పెద్దయ్యా, గది పాత కంప్యూటరే" అన్నడు. పాతది గాదు. వాడు గట్లనే ఉంటడు.

బొంతల మీద కూసోని "పాట పెట్టు" అన్నడు. ముత్యం ఫోన్‌ల పెట్టిన. మొత్తం విన్నడు, తల ఎత్తలే. అయినంక అడిగిండు: "పాట నిండా నేనే ఉన్న. మీ బాపు ఏడిరా?"

నిజమే, బాపు లేడు పాటల. వాని సావు ఉంది, వాడు లేడు. "నాకు ఎరుకలేదు పెద్దబాపు, నేను సిన్నగున్న" అన్న.

గప్పుడు మొదలు వెట్టిండు. బాపు చర్చిల డోలక్ కొట్టేటోడంట, నాకు ఎవ్వలు జెప్పలే. పాట నడిమిట్ల ఉరుకుడు వెడుతుండెనంట. ఆడోళ్లు ఎన్కవడి రొప్పేటోళ్లంట, పాస్టర్ కండ్లు పెద్దగ జేసేటోడంట. ముత్యం పక్కున నవ్విండు. నేను గూడ బీట్ కన్న ముంగట ఉరుకుత, వాడు రోజు తిడుతడు. క్రిస్మస్ నాటకంల బాపు నిజం గొర్రెపిల్లను తెస్తే అది పాస్టరమ్మ చీర కొంగు నమిలిందంట. పగటీలి బువ్వ యాళదాక జెప్పిండు. రెండుసార్లు నడుమ ఆగి మొఖం తుడుసుకున్నడు.

నేను ఓపిక పట్టలేక అడిగిన. "జరం నిజమేనా?"

పెద్దబాపు నా దిక్కు తిరిగిండు. "నిజమంటె తప్పించుకుంటున్న అంటవు. అబద్ధమంటె మా అవ్వ ఇగ నా గడప తొక్కది. ఏం జెప్పమంటవురా? ఏడ్పు లెక్క ఉన్నన్ని దినాలు మోసిన. ఫోన్‌ల ఉన్నదాన్ని ఎట్ల మోయాల్నో తెలుస్తలేదు." గంతే అన్నడు.

అత్తమ్మా, నాకు తిక్క లేస్తుంది, ఏడ్పస్తుంది, రెండు. నాకు జవాబు రాలే. బాపు మాత్రం కొంచెం వచ్చిండు. నేను అన్న మాటలకు నన్ను మాఫ్ చెయ్యి.

నీకే ఇడిసిపెడుతున్న. పాట ఉంచాల్నా, తీయాల్నా? ఆదిలాబాద్‌ల పాడాల్నా, వద్దా? నువ్వేదంటె గది. ఒట్టు.

పెద్దబాపు ఆదివారం మీ ఇంటికి వస్తనన్నడు, బాపమ్మను తోల్కపోతందుకు.

తిమోతి

*

కరీంనగర్,
19 ఆగస్టు

తిమోతికి,

ఆయన నిన్న వచ్చాడు. చర్చి నుంచి సీదా వచ్చినట్టున్నాడు, ఇస్త్రీ చొక్కా. అవ్వ కుర్చీలో ఉంది. ఆయన కింద కూర్చున్నాడు.

"ఇంటికి పోదాం పా అవ్వా."

"పాట బందయిందా?"

ఆయన నా వైపు చూశాడు. తిమోతి నన్నే తేల్చమన్నాడని, నేనింకా ఏమీ చెప్పలేదని అన్నాను.

"బంద్ జేయనియ్యకు చెల్లె" అన్నాడు పెద్దన్న. "జేస్తె నేనే జేయించిన అంటరు. పోరడు పాడుకోని."

"అది ఉన్నన్ని దినాలు నీ బువ్వ నాకు దిగదురా" అంది అవ్వ. కోపం లేదు ఆ మాటలో. ఇద్దరూ ఒకేసారి నన్ను చూశారు. "సదువుకున్నదానివి గదనే, ఏదో ఒకటి జెప్పు" అంది. నేను లేచి టీ పెట్టడానికి పోయాను.

ఆయన ఒక్కడే తిరిగి వెళ్లాడు. అవ్వ గేటు దాకా పోయి, "బస్సుల కిటికీ కాడ కూసోకు, వాన పడుతది" అంది. ఆయన తలూపాడు.

పిల్లలకు రోజూ చెబుతాను, ఆధారాలు చూసి తేల్చండి అని. ఇక్కడ ఆధారాలన్నీ నా ఇంట్లోనే కూర్చుని టీ తాగాయి. అయినా నాకు ఏమీ తేలలేదు. పాట తీయమంటే నిన్ను ఇంకోసారి నోరు మూసుకోమన్నట్టే, ఆ పని మన ఇంట్లో ఒకసారి చేశాం. ఉంచమంటే అవ్వను కొడుకు బువ్వకు దూరం చేసిన పాపం నా నెత్తిన పడుతుంది. పేరు మాత్రం కోసెయ్యమంటే, ఆమె ఏడుపులో నాకు నచ్చినంతే ఉంచినట్టు అవుతుంది. మొదట నిన్ను అడిగింది అదే కదా, ఎంత తేలిగ్గా అడిగానో. పైగా నువ్వు తీసినా అది నా క్లాసులో ముప్పై ఫోన్లలో ఉంది.

నీ ఒట్టు నాకు వద్దు తిమోతీ. అది తీర్చే తెలివి నాకు లేదు. ఆ జ్వరం నిజమో కాదో నాకు తెలియదు, అన్న చెప్పినా తెలియదేమో. ఏడుపును మాటగా లెక్క కట్టడం తప్పా, కట్టకుండా ఇన్నేళ్లు తోసెయ్యడం తప్పా, అదీ తెలియదు.

ఆదివారం పొద్దున బస్సుకు ఆదిలాబాద్ వస్తున్నాను. అవ్వ కూడా వస్తానంటోంది. ఎందుకని అడిగితే చెప్పడం లేదు. నువ్వు పాడితే వింటాను, పాడకపోతే నీ పక్కన కూర్చుంటాను. నువ్వు ఏది చేయాలని కోరుకుంటున్నానో మాత్రం, ఈ ఉత్తరం అంటించేదాకా కూడా, నాకు తేలలేదు.

నీ మేనత్త,
క్యాథరిన్